వి1లో ఖరీదైన ట్యూబు, గిటార్ వి2లో: ఒక కాంబో ఆంపు కేసు

బెంగళూరులో వాల్వు ఆంప్లిఫయర్లు (గాజు ట్యూబులతో, అంటే వాల్వులతో సిగ్నల్‌ను పెంచే ఆంపులు) బాగుచేసేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళలో నేనొకణ్ణి. నా దగ్గరికి వచ్చే గిటారిస్టులు ఎక్కువగా అడిగేది ఒకటే: "లో నాయిస్ ట్యూబు ఏది కొనాలన్నా?" లో నాయిస్ అంటే అనవసరపు చప్పుడు తక్కువ చేసేది. ఈ కేసు రాయడానికి కారణం ఆ ప్రశ్నే. ఇంకో కారణం కూడా ఉంది, ఇందులో నేనూ ఒక తప్పు చేశాను. మనిషిని గుర్తుపట్టకుండా చిన్న చిన్న వివరాలు మార్చాను. కొలతలు, చేసిన పని మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

ఆంపు, దాని యజమాని

యజమాని ముప్పై అయిదేళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సొంతూరు అనంతపురం వైపు, ఉండేది మహదేవపుర దగ్గర. ఆదివారాలు ఒక తెలుగు సంఘంలో ఆరాధనకు గిటార్ వాయిస్తాడు. ఆంపు డెబ్బైల నాటి అమెరికన్ కాంబో, అంటే ఆంపూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉన్న రకం. 22 వాట్లు, పన్నెండు అంగుళాల స్పీకరు ఒకటి, స్పీకరును నడిపే పవర్ ట్యూబులు రెండు 6వి6లు, రివర్బ్ (ప్రతిధ్వని), ట్రెమోలో (శబ్దం హెచ్చుతూ తగ్గుతూ ఊగడం) ఉన్నాయి. డల్లాస్‌లో ఉన్న బావమరిది అక్కడ సెకండ్ హ్యాండ్‌లో కొని, ఇండియాకు తిరిగొచ్చేటప్పుడు ఇంటి సామాను మధ్య పెట్టి తెచ్చాడు. 120 వోల్టులది కాబట్టి ఇక్కడ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడుస్తోంది. ఫిల్టర్ కెపాసిటర్లు (లోపలి డీసీలో అలలను చదునుచేసేవి) అక్కడే మార్పించాడు, బిల్లు కూడా దాచిపెట్టాడు.

కంప్లయింట్ ఒక్క మాట. "సౌండ్ వస్తా ఉందన్నా." ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకుని నిశ్శబ్దంగా ఉంటే ఆంపు ఒక్కటే మాట్లాడుతుందట. పాస్టరు గారు రెండుసార్లు నవ్వుతూ చెప్పారు. మూడోసారి నవ్వలేదు.

అప్పటికే అతను మూడు ట్యూబులు తెప్పించి ఉన్నాడు. ఒకటి రష్యన్ లాంగ్ ప్లేట్ (లోపలి లోహపు ప్లేటు పొడుగ్గా ఉండే) 12ఏఎక్స్7, అంటే చిన్న సిగ్నల్‌ను పెంచే ట్యూబు, ఒకటి డబ్బా మీద "లో నాయిస్ సెలెక్టెడ్" అని రాసిన 7025, ఇంకోటి 5751. ఈ రెండూ అదే సాకెట్టులో కూర్చునే దగ్గరి రకాలు. మూడూ కలిపి పన్నెండు వేలు దాటాయి. ఒక్కొక్కటే వి1లో (ఆంపులో ట్యూబుల వరసలో మొదటి సాకెట్టు) పెట్టి చూశాడు, తేడా ఏమీ కనబడలేదు. "ఏ బ్రాండో మీరు చెప్పండి, నాలుగోది తెప్పిస్తా" అన్నాడు.

బుసా, గుయ్యా, చిటపటా?

ఎవరొచ్చినా నేను ముందు స్క్రూడ్రైవరు పట్టుకోను. ఆ చప్పుడు నోటితో చేసి చూపించమంటాను. మొహమాటపడతారు, అయినా చేస్తారు. 'నాయిస్' అనే మాట అన్నిటినీ ఒకే మూటలో కట్టేస్తుంది. మనకు ఒక్కో చప్పుడుకూ ఒక్కో మాట ఉంది, ఒక్కోదాని వెనక ఒక్కో కారణం ఉంటుంది. పాము బుసలా వస్తే రెసిస్టర్లనో, ట్యూబు లోపలి ఎలక్ట్రాన్ల ప్రవాహాన్నో అనుమానిస్తాను. తుమ్మెదలా గుయ్‌మంటే హమ్. మన కరెంటు 50 హెర్ట్‌జ్‌ది కాబట్టి హీటరు నుంచి దూరేది 50 దగ్గర, ఫిల్టరింగ్ చాలక వచ్చేది 100 దగ్గర ఉంటుంది. పోపులో ఆవాల్లా చిటపటలాడితే చెడిపోతున్న రెసిస్టరు, మురికి పట్టిన సాకెట్టు, లీకయ్యే కెపాసిటరు, లేదంటే ట్యూబే. గిన్నె మీద గరిటెతో కొట్టినట్టు ఖంగుమంటే మైక్రోఫోనిక్ ట్యూబు. దాని లోపలి గ్రిడ్డు (సన్నని తీగ చుట్ట) అదిరి, ఆ అదురు కూడా సిగ్నల్లో కలిసిపోతుంది.

ఇతను ముందు గుయ్‌మన్నాడు, దాని మీద బుస కొట్టాడు, మధ్యలో రెండు చిటపటలు వేశాడు. ఖంగు లేదు. అంటే ఉన్నది ఒక్క జబ్బు కాదు. ఇవన్నీ ఒక్క ట్యూబు మారిస్తే పోయేవి కావని అప్పుడే అర్థమైంది.

గుయ్ సంగతి తొందరగానే తేలింది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ రెండు పిన్నులది. ఆంపుకు మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నా ఎర్తు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఆగిపోతోంది. ఇది చప్పుడు సంగతి కన్నా ముందు ప్రాణం సంగతి. లోపల 400 వోల్టులకు పైగా డీసీ ఉన్న పెట్టె అది, వాయించేవాడి చేతులు తీగల మీద, పెదాలు మైకుకు ఆనుకుని ఉంటాయి. ఎర్తు నేరుగా ఆంపు దాకా వచ్చే ట్రాన్స్‌ఫార్మర్ కొనిపించాను. గుయ్ చాలావరకు పోయింది. బుస, చిటపట మిగిలాయి.

ఏది మొదటి ట్యూబు?

ఇన్‌పుట్‌కు దగ్గరి ట్యూబే ముఖ్యమని అతను ఎక్కడో చదివాడు. అది నిజమే. గిటార్ సిగ్నల్ అక్కడ అతి చిన్నది, అక్కడ కలిసిన చప్పుడును వెనకున్న స్టేజీలన్నీ (సిగ్నల్‌ను పెంచే అంచెలు) కలిసి పెంచుతాయి. కానీ ఈ డిజైన్‌లో రెండు ఛానెళ్ళు ఉంటాయి. వి1 నార్మల్ ఛానెల్‌ది. రివర్బ్, ట్రెమోలో ఉన్న వైబ్రాటో ఛానెల్‌కు మొదటి ట్యూబు వి2. అతనికి రివర్బ్ లేనిదే కుదరదు, కాబట్టి ఎప్పుడూ వైబ్రాటో ఛానెల్లోనే గుచ్చుతాడు. పన్నెండు వేల రూపాయల ట్యూబులు ఒకదాని తర్వాత ఒకటి, గిటార్ సిగ్నల్ అసలు వెళ్ళని దారిలో కూర్చుని వెళ్ళాయి.

మాటల్లో చెప్తే నమ్మడని, స్విచ్ ఆపి వి1ను పీకేసి మళ్ళీ ఆన్ చేశాను. ఆంపు ఎప్పటిలాగే పాడింది, ఎప్పటిలాగే బుస కొట్టింది. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇలా పీకడం హీటర్లు సమాంతరంగా ఉన్న ఆంపుల్లోనే చెయ్యాలి. సిరీస్‌లో ఉంటే ఒకటి పీకగానే దాని వరసలోవి అన్నీ చల్లారిపోతాయి.

తర్వాత గిటార్ ఏమీ గుచ్చకుండా విన్నాను. ఖాళీగా ఉన్నప్పుడు ఇన్‌పుట్ జాక్ తనంతట తానే గ్రౌండుకు కలుస్తుంది కాబట్టి పికప్‌ల చప్పుడు లెక్కలోంచి పోతుంది. బుస అలాగే ఉంది. వాల్యూం సున్నాకు తిప్పితే దాదాపు ఆగిపోయింది. 12ఏఎక్స్7లో ఒకే గాజులో రెండు ట్యూబులుంటాయి; వాల్యూం నాబ్ వి2 మొదటి సగం తర్వాత ఉంటుంది, కాబట్టి దొంగ దానికి ముందే ఉన్నాడు. రివర్బ్ తగ్గించి చూస్తే స్వల్పమైన మార్పే వచ్చింది. ఆ సగంలో కాథోడ్ (ఎలక్ట్రాన్లు బయల్దేరే చోటు) మీద 1.3 వోల్టులు ఉన్నాయి. అక్కడున్నది 1.5 కే (కే అంటే వెయ్యి ఓమ్‌లు) రెసిస్టరు, అంటే 0.87 మిల్లీఆంపుల దాకా కరెంటు పోతోంది. ఈ రకం స్టేజిలో 1 మిల్లీఆంపు మామూలు. కాస్త తక్కువే, అయినా ట్యూబు పనిచేస్తోంది. అప్పుడు నేను ఆ 'కాస్త తక్కువ' దగ్గర ఆగి ఉండాల్సింది. ఆగలేదు.

ఇప్పుడు అతని మూడు ట్యూబులకూ సరైన చోట పరీక్ష. పెట్టి వినేసి 'ఇది మెల్లగా ఉంది' అనుకుంటే మోసపోతాం. 12ఏఎక్స్7 ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 100, 5751ది 70. గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) తగ్గితే బుసతో పాటు గిటారూ తగ్గుతుంది. వాయించేవాడు వాల్యూం ఇంకో గీత పెంచుతాడు, బుస తిరిగొస్తుంది. అందుకే నేను స్పీకరు బదులు 8 ఓమ్ డమ్మీ లోడ్ పెట్టి, ఇన్‌పుట్‌లో 10 మిల్లీవోల్టుల 1 కిలోహెర్ట్‌జ్ టోన్ ఇచ్చి, ప్రతి ట్యూబుకూ అవుట్‌పుట్ 4 వోల్టులు వచ్చేలా వాల్యూం సరిచేస్తాను. తర్వాత టోన్ తీసేసి, మిగిలిన చప్పుడును మిల్లీవోల్టుల్లో కొలుస్తాను.

పాత ట్యూబుతో 11 వచ్చింది. లాంగ్ ప్లేట్‌తో 9, 7025తో 10. 5751 పెట్టగానే అతని మొహం వెలిగింది, ఎందుకంటే చెవికి బాగా తగ్గినట్టే వినిపించింది. వాల్యూం సరిచేశాక అదీ 10 దగ్గరే నిలబడింది. 7025 మాత్రం అప్పుడప్పుడూ చిటపటలాడింది కూడా. ఒకప్పుడు 7025 అంటే హమ్, నాయిస్ తక్కువ ఉండేలా ప్రత్యేకంగా చేసిన 12ఏఎక్స్7. ఇప్పుడు డబ్బా మీద ఆ అంకె కనబడితే నేను కొలిచాకే నమ్ముతాను.

నాలుగు ట్యూబులు, అన్నీ ఒకే రకం బుస. ఇలా అయితే ట్యూబును వదిలెయ్యాలి. చిన్న లెక్క వేస్తే ఎందుకో తెలుస్తుంది. ఈ ఇన్‌పుట్‌లో రెండు 68 కే రెసిస్టర్లు సమాంతరంగా ఉంటాయి, అంటే 34 కే. ఏ రెసిస్టరైనా ఉన్న వేడికే కొంత చప్పుడు పుట్టిస్తుంది. 20 కిలోహెర్ట్‌జ్ మేర 34 కే పుట్టించేది సుమారు 3.4 మైక్రోవోల్టులు. ఆరోగ్యంగా ఉన్న 12ఏఎక్స్7 తనంతట తాను పుట్టించే బుస ఒకటిన్నర కే రెసిస్టరు పుట్టించేంతే, అంటే 0.7 మైక్రోవోల్టుల దగ్గర. రెండూ కలిపితే ట్యూబు వాటా ఇన్‌పుట్ రెసిస్టర్ల పక్కన కనబడనే కనబడదు. బాగున్న ట్యూబు తీసి ఇంకో బాగున్న ట్యూబు పెడితే బుస సగమైపోదు. ట్యూబుకూ ట్యూబుకూ తేడా వచ్చేది హమ్‌లో, తక్కువ ఫ్రీక్వెన్సీల గరగరలో, చిటపటలో, ఖంగులో.

పది రూపాయల రెసిస్టరు

మిగిలింది వి2 ప్లేటుకు కరెంటు అందించే 100 కే ప్లేట్ రెసిస్టరు. కార్బన్ పొడిని గట్టిపరిచి చేసే పాత కార్బన్ కాంపోజిషన్ రకం. ఈ రకంలో వేడికి పుట్టే చప్పుడు కాక, డీసీ కరెంటు పోతున్నప్పుడు అదనంగా ఇంకో చప్పుడు పుడుతుంది, మీద పడే వోల్టేజీని బట్టి అది పెరుగుతుంది. ఈ రెసిస్టరు మీద 110 వోల్టులున్నాయి. 0.87 మిల్లీఆంపులకు 110 వోల్టులంటే అది 100 కే అయ్యే అవకాశమే లేదు. ఒక కాలు విప్పి కొలిస్తే 127 కే చూపించింది. కార్బన్ కాంపోజిషన్ తేమ పీల్చుకుంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ విలువ జారుతుంది. కాథోడ్ వోల్టేజీ తక్కువగా ఉందని చూసినప్పుడే ఇక్కడికి రావాల్సింది.

ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో పది రూపాయలకు దొరికే 1 వాటు మెటల్ ఫిల్మ్ రెసిస్టరు వేశాను. లాంగ్ ప్లేట్‌తోనే మళ్ళీ కొలిస్తే 9 నుంచి 4 మిల్లీవోల్టులకు దిగింది, చిటపట పూర్తిగా పోయింది.

"అయితే అన్నీ మార్చేయండన్నా" అన్నాడు. మార్చలేదు. 68 కేలు కూడా పాత రకమే, కానీ వాటిలో డీసీ పోదు కాబట్టి ఆ అదనపు చప్పుడు వాటికి లేదు. వెనక స్టేజీల ప్లేట్ రెసిస్టర్లు చేసే బుసను పెంచడానికి వాటి వెనక అంత గెయిన్ లేదు. పైగా యాభై ఏళ్ళ బోర్డు మీద ఒక్కో సోల్డరింగూ కొత్త రిస్కే. ఒకేసారి పది మారిస్తే రేపు కొత్త చప్పుడు వచ్చినప్పుడు దేన్ని అనుమానించాలో నాకే తెలియదు.

నా తప్పు

లాంగ్ ప్లేట్ ట్యూబు నా బల్ల మీద అన్నిటికన్నా తక్కువ అంకె చూపించింది, హమ్ కూడా దానికే తక్కువ. వి2లో దాన్నే ఉంచి పంపేశాను. ఆదివారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. "అన్నా, బుస పోయింది. కానీ ఒక నోటు పట్టుకుంటే లోపల ఎవరో గిన్నె కొడతా ఉండారు."

ఫోన్లోనే అర్థమైపోయింది. పరీక్షంతా ఛాసిస్‌ను (ట్యూబులు, సర్క్యూటు బిగించిన లోహపు చట్రం) పెట్టెలోంచి బయటికి తీసి, స్పీకరు బదులు డమ్మీ లోడ్ పెట్టి చేశాను. బల్ల మీద అదురే లేదు. కాంబోలో ట్యూబులు తలకిందులుగా వేలాడుతుంటాయి, పక్కనే స్పీకరు గాలిని తోస్తుంటుంది. ప్లేటు పొడుగ్గా ఉంటే అదిరే అవకాశం ఎక్కువ. స్పీకరు ట్యూబును కదిపితే ట్యూబు ఆ కదలికను స్పీకరుకు పంపుతుంది, చక్రం పూర్తవుతుంది. నేను అడిగిన ప్రశ్న 'ఏ ట్యూబు చప్పుడు తక్కువ' అన్నది. 'ఈ పెట్టెలో, ఇతని వాల్యూంలో ఏది తక్కువ' అని అడగాల్సింది.

రెండోసారి ఛాసిస్‌ను పెట్టెలో బిగించి, సొంత స్పీకరుతో, అతను వాల్యూం నాబ్ పక్కన పెట్టుకున్న చాక్‌పీసు గుర్తు దగ్గర పెట్టి మొదలుపెట్టాను. టోన్‌ను 100 హెర్ట్‌జ్ నుంచి మెల్లగా పైకి జరుపుతూ పోతే 400 దాటాక ఖంగు మొదలైంది. వెదురు పుల్లతో ట్యూబును మీటి కూడా చూశాను. ఇక్కడ చాలామంది కంగారుపడతారు. మొదటి స్టేజిలో ఏ ట్యూబును మీటినా ఎంతో కొంత టక్కుమంటుంది, అది లోపం కాదు. ఆ టక్కు వెంటనే చచ్చిపోతుందా, సాగుతుందా, పెరుగుతుందా అన్నది చూడాలి. ఈ లాంగ్ ప్లేట్ గుడిగంటలా సాగింది. సిలికాన్ రింగులు రెండు తొడిగాను. మోత శ్రుతి మారింది గానీ పోలేదు. రింగుల మీద నాకు పెద్ద నమ్మకం ఎప్పుడూ లేదు, అవి గాజును పట్టుకుంటాయి, అదిరేదేమో లోపలి లోహం.

7025ని చిటపట వల్ల ముందే పక్కన పెట్టాను. 5751 ఖంగుమనలేదు, హమ్ లేదు. అది పెట్టి అతన్నే వాయించమన్నాను. రెండు పాటలయ్యాక "గిటార్ పక్క గదిలో ఉన్నట్టుందన్నా" అన్నాడు. చెవి అతనిది, నేను వాదించలేదు.

నా సొరుగులో పాత వాల్వులు కొన్ని ఉన్నాయి. ఇదే ఊళ్ళో జాలహళ్ళి బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ఫ్యాక్టరీలో ఒకప్పుడు రేడియో వాల్వులు తయారయ్యేవి. రేడియోలు బాగుచేసిన మా నాన్న చేతి సంచిలోంచి మిగిలినవి అవి. అమ్మాలంటే మనసు రాదు, వాడకుండా ఉంచాలన్నా మనసు రాదు. ఆ సొరుగు తెరవబోతూ, ముందు ఈ ఆంపులోనే ఇంకేమున్నాయో చూద్దామని ఆగాను. వి5లో ముద్ర చెరిగిపోయిన ఒక పాత అమెరికన్ 12ఏఎక్స్7 ఉంది. వి5 ట్రెమోలోది. ట్రెమోలో ఎప్పుడైనా వాడతావా అని అడిగితే, ఆ నాబ్ దేనికో తనకు తెలియదన్నాడు.

దాన్ని తెచ్చి వి2లో పెట్టాను. కొలిస్తే 4 మిల్లీవోల్టులు. టోన్ జరుపుతూ పైదాకా పోయినా ఖంగు లేదు. పుల్లతో మీటితే టక్కుమని అక్కడే ఆగింది. గెయిన్ అతనికి కావలసినంత ఉంది. ఆ ట్యూబు గొప్పదా అంటే చెప్పలేను, పది పాత ట్యూబులు చూస్తే అందులో ఒకటో రెండో ఇలా ఉంటాయి. ఇది అప్పటికే ఆ పెట్టెలో ఉంది, ఖర్చు లేదు, 12ఏఎక్స్7 సాకెట్లలోని ట్యూబులను ఒకదాని చోట ఇంకొకటి పెట్టుకోవచ్చు. పరీక్షించకపోవడానికి కారణమే లేదు.

లాంగ్ ప్లేట్ వి5లోకి వెళ్ళింది. అక్కడ దాని పని సెకనుకు కొన్నిసార్లు ఊగడమే. గిటార్ సిగ్నల్ దాని గుండా పోదు కాబట్టి అది ఖంగుమన్నా ఎవరికీ వినబడదు. ట్రెమోలో సరిగ్గా మొదలవుతోందో లేదో చూశాను, అవుతోంది. చిటపటలాడే 7025ను వి1లో ఉంచాను. అతను ఆ ఛానెల్ వాల్యూం సున్నాలోనే పెడతాడు. 5751ను డబ్బాలో పెట్టి చేతికిచ్చాను. ట్యూబుల కింద బిల్లులో వేసింది సున్నా.

ఆ తర్వాత నా బల్ల దగ్గర రెండు మార్పులు చేసుకున్నాను. వచ్చినవాళ్ళను మొదటే గిటార్ ఏ రంధ్రంలో గుచ్చుతారో చూపించమంటున్నాను, చెప్పమని కాదు, గుచ్చి చూపించమని. మొదటి స్టేజి ట్యూబును ఎంచేటప్పుడు బల్ల మీది అంకెతో పాటు, పెట్టె బిగించాక స్పీకరుతో చేసిన పరీక్షను కూడా జాబ్ కార్డులో రాస్తున్నాను. రెండోది రాయకుండా ఆంపు బయటికి పోదు. పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుంది.

ఎనిమిది నెలల తర్వాత వేరే పనికి వచ్చినప్పుడు ఈ ఆంపును మళ్ళీ కొలిచాను. వి2 దగ్గర బుస పెరగలేదు. వానపట్టిన రోజుల్లో రివర్బ్ 5 దాటిస్తే సన్నగా చిటపట వస్తోందన్నాడు. రివర్బ్ దారిలో ఉన్న వి4 దగ్గరి రెసిస్టరు మీద నాకు అనుమానం ఉంది, అది కూడా ఆ పాత రకమే. అతను మామూలుగా రివర్బ్ 3 దాటించడు కాబట్టి అప్పటికి బోర్డు ముట్టుకోలేదు. వచ్చే వానలకు ముందు తెస్తానన్నాడు. జాబ్ కార్డులో 'వి4, 100 కే, రివర్బ్ పెంచి వినాలి' అని రాసిపెట్టాను.